సోవియట్ పతనం తర్వాత వచ్చిన ప్రయోగ నాటకం: సమాజం మారినందుకు పుట్టిందా, ఫెస్టివల్ ఫ్యాషనా?

మీరు అడిగింది ఇది: సోవియట్ యూనియన్ కూలిపోయాక రష్యాలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ వచ్చిన ప్రయోగ నాటకాలు నిజంగా అక్కడి సమాజం తలకిందులైనందుకు వచ్చినవా, లేక యూరప్ ఫెస్టివల్స్‌లో అమ్ముడుపోవడానికి తయారు చేసినవా? రెండోది, ఏ నాటకాలతో మొదలుపెట్టాలి?

నేను నాటకరంగ చరిత్ర పాఠం చెప్తాను, కుర్రాళ్ళ చేత నాటకాలు ఆడిస్తాను. ఈ ప్రాంతం నాటకాలంటే మక్కువ కాబట్టి ఏళ్ళ తరబడి చదువుతున్నాను, దొరికిన రికార్డింగ్ చూస్తున్నాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఫెస్టివల్ డబ్బు, విదేశీ థియేటర్ల చెయ్యి అందులో ఉన్నాయి, అది నిజం. కానీ ఆ నాటకాలు పుట్టింది ఇంకో అవసరంలో నుంచి. అక్కడి జనానికి మాట మీదే నమ్మకం పోయింది. స్టేజీ మీద ఒక మనిషి నిలబడి గట్టిగా ఏదైనా చెబితే వినేవాడు నమ్మని పరిస్థితి వచ్చింది. అప్పుడు నాటకం ఏ రూపంలో నిలబడగలదో వెతుక్కోవాల్సి వచ్చింది. ఒక్కో ఊరు ఒక్కో దారి పట్టింది.

ముందు కాస్త వెనక్కి వెళ్ళాలి. 60ల నుంచి 80ల దాకా మాస్కోలో టాగాంకా లాంటి థియేటర్లకు జనం ఎందుకు ఎగబడేవాళ్ళంటే, పేపర్లో రానిది అక్కడ సూచనగా వినపడేది. పాత్ర ఒక క్షణం ఆగి ప్రేక్షకుల వైపు చూస్తే చాలు, హాల్లో అందరికీ అర్థమయ్యేది. సెన్సార్‌కు దొరక్కుండా మాట్లాడటం నటులకు, దొరక్కుండా అర్థం చేసుకోవడం ప్రేక్షకులకు బాగా అలవాటైపోయింది. 80ల చివర గ్లాస్నోస్త్ (గోర్బచేవ్ తెచ్చిన బాహాటత విధానం) వచ్చింది. స్టాలిన్ శిబిరాల గురించి, అఫ్ఘాన్ యుద్ధం గురించి పత్రికలే బాహాటంగా రాయడం మొదలుపెట్టాయి. ఇక సూచనల కోసం టికెట్ కొనేవాళ్ళెవరు? థియేటర్‌కు సెన్సార్ పీడ విరగడైంది, దాంతోపాటే ఇన్నాళ్ళ పనీ పోయింది.

తర్వాత 1992 జనవరి 2న ధరల మీద కంట్రోల్ ఎత్తేశారు. ఆ ఒక్క ఏడాదిలో రష్యాలో ధరలు పాతిక రెట్లకు పైగా పెరిగాయి. జీవితాంతం దాచుకున్న సేవింగ్స్ ఆవిరైపోయాయి. 1994 నాటికి మగవాళ్ళ సగటు ఆయుర్దాయం 58 ఏళ్ళ లోపుకి పడిపోయింది. టాగాంకా థియేటరే 1993లో రెండుగా చీలింది, ఒకే భవన సముదాయాన్ని రెండు బృందాలు పంచుకున్నాయి. దేశమంతా ఎవరి వాటా ఎంత అని కొట్టుకుంటున్న రోజుల్లో, ప్రజల మనస్సాక్షి అనిపించుకున్న థియేటర్ కూడా అదే పని చేసింది. అప్పటి పెద్ద థియేటర్లు ఏం ఆడాయి? ఎక్కువగా క్లాసిక్స్, లేకపోతే టికెట్లు తెగే విదేశీ కామెడీలు. బయట వీధిలో ముసలివాళ్ళు ఇంట్లో సామాను అమ్ముకుంటున్నారు, లోపల స్టేజీ మీద చెహోవ్ పాత్రలు టీ తాగుతున్నాయి. (చెహోవ్ అంటే నాకు ప్రాణం, ఆ మాట వేరే.)

ఆ ఖాళీలోకి వచ్చినవాళ్ళు ఎక్కువగా రాజధాని బయటివాళ్ళు. ఉరల్ ప్రాంతంలోని ఎకతెరిన్‌బుర్గ్‌లో నికొలాయ్ కొల్యాదా అనే నాటకకర్త కుర్రాళ్ళకు రాయడం నేర్పాడు. ఆయన శిష్యుడు వసీలీ సిగారెవ్ రాసిన 'ప్లాస్టిసిన్' నాటకాన్ని 2001లో మాస్కోలో కిరిల్ సెరెబ్రెన్నికొవ్ డైరెక్ట్ చేశాడు. పరిశ్రమలు చచ్చిపోయిన ఊళ్ళో ఒక కుర్రాడు ఎలా నలిగిపోతాడన్నది కథ. అదే ఎకతెరిన్‌బుర్గ్ నుంచి ప్రెస్న్యకొవ్ సోదరులు వచ్చారు. సైబీరియాలోని ఇర్కుత్‌స్క్ నుంచి ఇవాన్ విరిపాయెవ్ వచ్చాడు. ఈ కొత్త రచయితలు ఒకరికొకరు దొరికిన చోటు ల్యుబీమొవ్కా ఫెస్టివల్. 1990లో మొదలైంది, మాస్కో పక్కన ప్రసిద్ధ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ కుటుంబం ఎస్టేట్‌లో. అక్కడ సెట్లూ లైట్లూ ఏమీ ఉండవు. కొత్త నాటకం చేతిలో పట్టుకుని చదువుతారు, తర్వాత అందరూ కూర్చుని కడిగేస్తారు.

1999లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్ వాళ్ళు మాస్కో వచ్చి డాక్యుమెంటరీ నాటకం మీద సెమినార్లు పెట్టారు. వాళ్ళు నేర్పింది 'వర్బాటిమ్' పద్ధతి. మనుషుల దగ్గరకు వెళ్ళి మాట్లాడించాలి, వాళ్ళన్నది అన్నట్టుగానే రాసుకోవాలి, ఆ మాటలతోనే నాటకం కట్టాలి. మీ ఫెస్టివల్ అనుమానానికి ఆధారం ఇక్కడే ఉంది కాబట్టి దాచకుండా చెప్తున్నాను: పద్ధతి బ్రిటన్ నుంచే వచ్చింది. కానీ బ్రిటన్‌లో అదొక పద్ధతి మాత్రమే, మాస్కోలో ఆకలిగా ఉన్నవాడికి అన్నం దొరికినట్టయింది. ఎందుకంటే అక్కడ రచయిత సొంతంగా అల్లిన డైలాగ్ మీద నమ్మకం చచ్చిపోయింది. డెబ్బై ఏళ్ళు రచయితలు జనం తరఫున మాట్లాడారు. ఇక జనాన్నే మాట్లాడనివ్వాలి అనిపించింది వీళ్ళకు.

2002లో యెలేనా గ్రెమినా, మిహాయిల్ ఉగారొవ్ దంపతులు మాస్కో త్రియొహ్‌ప్రూద్నీ వీధిలో ఒక ఇంటి బేస్‌మెంట్‌ను తోటివాళ్ళతో కలిసి బాగుచేసుకుని 'థియేటర్ డాక్' మొదలుపెట్టారు. వాళ్ళ నినాదం 'నటించని థియేటర్'. వాళ్ళు పెట్టుకున్న నియమాలు నాటకం ఆడేవాళ్ళందరూ ఒకసారి చూడాలి. భారీ సెట్ వద్దు. మెట్లు, స్తంభాలు, ఎత్తు వేదికలు వద్దు. మేకప్ వద్దు. నటుడు తన వయసు పాత్రే వెయ్యాలి. రికార్డెడ్ మ్యూజిక్‌తో మూడ్ తెప్పించకూడదు, నాటకంలో ఉంటే స్టేజీ మీదే వాయించాలి. డైరెక్టర్ తన తెలివి చూపించుకునే ప్రతీకలు అసలే వద్దు. దర్శకుడూ నటుడూ పాత్ర మీద తీర్పు చెప్పకుండా ఉండటాన్ని ఉగారొవ్ 'సున్నా స్థానం' అన్నాడు. వీడు మంచివాడు, వీడు చెడ్డవాడు అని గొంతుతో, ముఖంతో ముందే చెప్పెయ్యకూడదు.

వినడానికి ఇది తేలిక. చేసి చూస్తే ప్రాణం మీదకి వస్తుంది. మా వర్క్‌షాపుల్లో ఈ పద్ధతి చేయించినప్పుడు కుర్రాళ్ళు ఎవరో ఒక ఆటో డ్రైవర్‌నో, పక్కింటి మామ్మనో రికార్డ్ చేసి తెస్తారు. స్టేజీ మీద చెప్పేటప్పుడు మాత్రం 'అంటే', 'అదే మరి', 'ఏంటంటే' అన్నీ కోసేస్తారు. ఆవిడ సగంలో వదిలేసిన వాక్యాన్ని వీళ్ళు పూర్తి చేస్తారు. దాంతో మనిషి మాయమై రేడియో నాటకం మిగులుతుంది. ఆ వదిలేసిన సగంలోనే అసలు సంగతి ఉంటుంది. థియేటర్ డాక్ వాళ్ళు పట్టుకున్నది దాన్నే. మార్కెట్లో బతికే మోల్డోవా వలస కూలీలు, జైల్లో ఉన్న ఆడవాళ్ళు, టీవీ టాక్ షో తయారుచేసే సిబ్బంది, వీళ్ళందరి మాట తీరు అలాగే స్టేజీ ఎక్కింది, బూతులతో సహా. (2014 జులై నుంచి రష్యా చట్టం స్టేజీ మీద బూతులు నిషేధించింది. నైతికత కోసమన్నారు. నా దృష్టిలో అది ఈ నాటకాల నోరు కట్టెయ్యడమే.)

దగ్గరగా చూడాల్సింది 2010లో వచ్చిన 'గంట పద్దెనిమిది నిమిషాలు'. సెర్గెయ్ మాగ్నిట్‌స్కీ అనే 37 ఏళ్ళ పన్ను సలహాదారు ప్రభుత్వ అధికారులు పెద్ద మోసం చేశారని బయటపెట్టాడు. తిరిగి అతన్నే అరెస్ట్ చేశారు. 2009 నవంబర్ 16న మాస్కోలోని 'మత్రోస్‌స్కాయా తిషినా' జైల్లో చనిపోయాడు. పిలిపించిన అంబులెన్స్ డాక్టర్లను బయటే నిలబెట్టారు, లోపలికి పంపేసరికి అతను నేల మీద చనిపోయి ఉన్నాడు. వాళ్ళు బయట ఆగిన సమయమే ఆ పేరు. నాటకంలో మాగ్నిట్‌స్కీ పాత్ర లేదు. ఉన్నది అతని తల్లి, ఆ రోజుల్లో అతని చుట్టూ పనిచేసిన జడ్జి, ఇన్వెస్టిగేటర్, డాక్టర్లు. ఉత్తరాలు, డైరీ, జైళ్ళ పర్యవేక్షణ సంఘం రిపోర్టు, వీటి నుంచి తీసిన మాటల్లో ఒక్కొక్కరూ తమ కథ చెప్పుకుంటారు. ఎవరి డ్యూటీ వాళ్ళు చేశారు. ఎవరికి వాళ్ళకి ఒక కారణం ఉంది. కోర్టు రోజున వేడినీళ్ళు అడిగితే ఇవ్వలేదన్న చిన్న వివరం మొత్తం నాటకం మీద కూర్చుంటుంది. అసలు కోర్టులో జరగని విచారణ ఒక బేస్‌మెంట్లో జరిగింది. కొత్త సంగతులు బయటికొచ్చాక 2012లో నాటకాన్ని మార్చి మళ్ళీ ఆడారు. క్లాసిక్ నాటకానికి అలా చెయ్యలేం, పేపర్‌కు చెయ్యొచ్చు. గ్లాస్నోస్త్ పోయాక పత్రికల నోరు మళ్ళీ మూతపడుతుంటే థియేటర్ ఆ పని భుజానికెత్తుకుంది.

ఇంకో ప్రదర్శన, 2012లో వచ్చిన 'అకిన్ ఒపెరా'. మాస్కోలో పనిచేసే పామీర్ ప్రాంతం తజిక్ కూలీలే స్టేజీ మీదకొచ్చి, పాటలు పాడుతూ తమ బతుకు చెప్పారు. సోవియట్ రోజుల్లో ఒకే దేశం వాళ్ళు, ఇప్పుడు వాళ్ళకి పర్మిట్ కావాలి, పోలీసు కనపడితే తప్పుకోవాలి. నటులే లేరు అక్కడ. గల్ఫ్ వలసల గురించి తెలిసిన మన కరీంనగర్, కడప జిల్లాల వాళ్ళకి ఆ ప్రదర్శన ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఫెస్టివల్ ఫ్యాషన్ మాట ఇప్పుడు. దరిద్రం, తాగుడు, హింస చూపించి పడమటి దేశాలకి అమ్ముకుంటున్నారని రష్యాలోనే చాలామంది తిట్టారు. కొన్ని నాటకాల విషయంలో ఆ మాట నిజమే అని నా అభిప్రాయం. పేజీకో దెబ్బ, సీన్‌కో శవం పెడితే చాలనుకున్నవాళ్ళూ ఉన్నారు. కానీ లండన్ ప్రేక్షకుడి కోసమే రాసే మనిషి మాస్కో బేస్‌మెంట్లో కొద్దిపాటి కుర్చీల ముందు, పోలీసులొస్తారని తెలిసీ ఆడడు. 2014లో నగర ప్రభుత్వం థియేటర్ డాక్ లీజు రద్దు చేసింది. ఆ డిసెంబర్ 30న ఉక్రెయిన్ గురించిన డాక్యుమెంటరీ చూపిస్తుండగా పోలీసులు వచ్చి సోదా చేశారు. కొత్త చోటికి మారారు, అక్కడి నుంచీ ఖాళీ చేయించారు, మళ్ళీ ఇంకో చోటికి. 2018లో ఏప్రిల్ 1న ఉగారొవ్, మే 16న గ్రెమినా చనిపోయారు. థియేటర్ మాత్రం ఆగలేదు.

రష్యా దాటి చూస్తే దారులు పూర్తిగా వేరు. లాత్వియా రాజధాని రీగాలో అల్విస్ హెర్మానిస్ 1997 నుంచి న్యూ రీగా థియేటర్ నడిపాడు. 2003లో 'దీర్ఘాయువు' అనే ప్రదర్శన చేశాడు. ఐదుగురు నటులు, అప్పటికి ముప్ఫైల్లో ఉన్నవాళ్ళు, ఉమ్మడి ఫ్లాట్‌లో బతికే ముసలివాళ్ళుగా చేస్తారు. తెల్లవారి లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా ఒక రోజు. ఒక్క డైలాగ్ లేదు. మూలుగు, దగ్గు, సామాను చప్పుడు, అంతే. స్టేజీ నిండా పాత సామాను, ఒక్కొక్కటీ ఎవరో నిజంగా వాడినది. మంచం మీద నుంచి లేవడమే ఒక పెద్ద ఘట్టం. చూస్తుంటే నవ్వొస్తుంది, కాసేపటికి ఆ నవ్వు మన ఇంట్లో పెద్దవాళ్ళ వైపు తిరుగుతుంది. స్వాతంత్ర్యం, మార్కెట్, యూరోపియన్ యూనియన్ అంటూ దేశం పరిగెడుతుంటే ఈ తరం ఆ గదుల్లోనే ఉండిపోయింది. పైగా లాత్వియాలో అప్పుడు అతి పెద్ద తగువు భాషదే, లాత్వియన్ మాట్లాడేవాళ్ళకీ రష్యన్ మాట్లాడేవాళ్ళకీ మధ్య. మాటలు తీసెయ్యడంతో ఆ ముసలివాళ్ళది ఏ జాతో ప్రేక్షకుడు అడగలేకపోయాడు. హెర్మానిస్ అలా అనుకునే చేశాడో లేదో, నాకు మాత్రం ఆ నాటకంలో అత్యంత ధైర్యమైన పని అదే.

ఎస్తోనియాలో ఇంకో రకం. తాలిన్‌లోని థియేటర్ నో99 తన నాటకాలకు 99 నుంచి కిందికి నంబర్లు వేసుకుంటూ పోయింది. తీత్ ఒయాసో, ఎనె-లీస్ సెంపర్ దాన్ని నడిపారు. 2009లో ఎస్తోనియా ఆర్థిక వ్యవస్థ దాదాపు 14 శాతం కుంచించుకుపోయింది. ఆ మరుసటి ఏడాది వీళ్ళు 'ఐక్య ఎస్తోనియా' అనే పార్టీ పెడుతున్నట్టు ప్రకటించారు. ఊరంతా హోర్డింగులు. ఇంటర్నెట్‌లో 'ఎన్నికల పాఠశాల' వీడియోలు: పార్టీ లోపలి ఎన్నికల్లో మోసం ఎలా చెయ్యాలి, విరాళం ఇచ్చినవాడి పేరు ఎలా దాచాలి, సరిగ్గా నిజం పార్టీలు చేసే పనులే పాఠాలుగా. ఇది నాటకమా, నిజం పార్టీయా అని పత్రికలు, రాజకీయ నాయకులు తలలు పట్టుకున్నారు. 44 రోజుల తర్వాత, 2010 మే 7న, 'సాకు' అనే పెద్ద హాల్లో మహాసభ. 7 వేలకు పైగా జనం టికెట్ కొనుక్కుని వచ్చారు. జెండాలు, గంభీరమైన మ్యూజిక్, ఉద్వేగం తెప్పించే ప్రసంగాలు అన్నీ ఉన్నాయి. పార్టీ పుడుతుందని ఎదురుచూసినవాళ్ళకి చివరికి దక్కిన మాట: మీరు స్వేచ్ఛాజీవులు. పార్టీ లేదు, నాయకుడు లేడు.

నేను ఇన్నేళ్ళలో చదివిన రాజకీయ నాటకాల్లో ఇంత పదునైనది తక్కువ. నాయకుడు కావాలన్న కోరిక తనలోనే ఎంత బలంగా ఉందో ఆ హాల్లో ప్రేక్షకుడు స్వయంగా చూసుకున్నాడు. కొంతమంది నిరాశతో తిట్టుకుంటూ బయటికి వెళ్ళారు కూడా. వాళ్ళ నిరాశ ఆ నాటకంలో భాగమే.

బెలారూస్‌లో మాత్రం సోవియట్ అసలు పోనేలేదు అనిపిస్తుంది. 2005లో నతాల్యా కల్యాదా, నికొలాయ్ హలేజిన్ మిన్స్‌క్‌లో బెలారూస్ ఫ్రీ థియేటర్ పెట్టారు. మొదటి నాటకం ఆత్మహత్య, డిప్రెషన్ గురించిన బ్రిటిష్ నాటకం. దేశంలో అంతా బావుందని చెప్పే ప్రభుత్వం ముందు అది ఆడటమే పెద్ద మాట. హాలు దొరకదు కాబట్టి ఫ్లాట్లలో, బార్లలో, అడవిలో ఆడారు. ప్రేక్షకులకి ఎక్కడ కలవాలో ఫోన్‌లో చెప్పేవాళ్ళు, అక్కడి నుంచి తీసుకెళ్ళేవాళ్ళు. పాస్‌పోర్ట్ వెంట తెచ్చుకోమనేవాళ్ళు, పట్టుకెళ్తే పోలీస్ స్టేషన్లో పని త్వరగా తెమలడానికి. 2007 ఆగస్టు 22న నిజంగానే ప్రదర్శన మధ్యలో సాయుధ పోలీసులు వచ్చి నటులను, ప్రేక్షకులను అందరినీ పట్టుకెళ్ళారు. 2010 ఎన్నికల అణచివేత తర్వాత వ్యవస్థాపకులు లండన్‌కు వెళ్ళిపోయి, అక్కడి నుంచి స్కైప్‌లో మిన్స్‌క్ రిహార్సల్స్ నడిపారు. 2021లో బృందం మొత్తం దేశం విడిచింది.

ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్‌లోని ఇల్ఖోమ్ థియేటర్, మోల్డోవా రాజధాని కీషినావ్‌లోని స్పలతొరియె థియేటర్, ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో 2015లో నిర్వాసితుల కోసం పెట్టిన థియేటర్, ఒక్కోదానికి వేరే జవాబు రాయాలి. ఇల్ఖోమ్ గురించి ఒక్క ముక్క: 1976లోనే, సోవియట్ రోజుల్లోనే, ప్రభుత్వం కిందకి రాని థియేటర్‌గా దాన్ని నిలబెట్టిన మార్క్ వైల్‌ను 2007 సెప్టెంబర్‌లో, కొత్త సీజన్ తెర లేచే ముందు, ఇంటి దగ్గరే పొడిచి చంపారు.

మీలో చాలామందికి ఇదంతా చదువుతుంటే మన ప్రజానాట్యమండలి గుర్తొస్తుంది. 'మా భూమి' నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది, ఊరూరా ఆడినవాళ్ళ మీద దాడులు జరిగాయి. ధైర్యంలో పోలిక ఉంది. కానీ ఒక పెద్ద తేడా చూడండి. మన వాళ్ళకి జవాబు తెలుసు: దున్నేవాడిదే భూమి. ఆ జవాబు జనానికి చేర్చడమే నాటకం పని, ఆ నాటికి అది సరైన పని. మాస్కో, రీగా, తాలిన్ వాళ్ళు జవాబుల రాజ్యంలో పుట్టి పెరిగారు. గోడ మీద జవాబు, పాఠంలో జవాబు, స్టేజీ మీద జవాబు. అందుకే వాళ్ళ నాటకం జవాబు చెప్పడానికి మొండిగా ఒప్పుకోదు. సోవియట్ పుస్తకాలు తెలుగులో చదివి పెరిగిన మా తరానికి ఇది మొదట్లో మింగుడుపడదు, చివర్లో పిలుపు కోసం చూస్తాం. దానికి కాస్త ఓపిక కావాలి.

ఇప్పటి పరిస్థితి కూడా తెలుసుకోండి. ఐఎస్ (ఇస్లామిక్ స్టేట్) ఉగ్రవాదులను పెళ్ళి చేసుకోవడానికి ఇంటర్నెట్‌లో ప్రేమలో పడి వెళ్ళిన రష్యన్ ఆడవాళ్ళ కేసుల ఆధారంగా స్వెత్లానా పెత్రీచుక్ ఒక నాటకం రాసింది, జెన్యా బెర్కొవిచ్ డైరెక్ట్ చేసింది. 2022లో అదే నాటకానికి రష్యాలో ప్రతిష్ఠాత్మకమైన గోల్డెన్ మాస్క్ అవార్డులు వచ్చాయి. 2023 మేలో ఇద్దరినీ అరెస్ట్ చేశారు. ఉగ్రవాదాన్ని సమర్థించారన్న నేరం మీద 2024 జులైలో చెరి ఆరేళ్ళ శిక్ష పడింది. అమ్మాయిలు ఆ వలలో ఎలా పడతారో చూపించి హెచ్చరించే నాటకం అది. ఫెస్టివల్ ఫ్యాషన్ అన్నవాళ్ళకి నేను ఈ కేసే చూపిస్తాను.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు కదా. నాటకం రికార్డింగులతో మొదలుపెట్టకండి, సబ్‌టైటిల్స్ లేకపోతే విసుగొచ్చి వదిలేస్తారు. ముందు సినిమాలు చూడండి. విరిపాయెవ్ తన 'ఆక్సిజన్' నాటకాన్ని 2009లో తనే సినిమాగా తీశాడు. పది ఆజ్ఞల్ని డీజే మ్యూజిక్ మీద పాటల్లా చెప్పే నాటకం, లయ వెంటనే పట్టేస్తుంది. తర్వాత ప్రెస్న్యకొవ్ సోదరుల నాటకంతో సెరెబ్రెన్నికొవ్ 2006లో తీసిన 'బాధితుడి పాత్ర' సినిమా. ఐక్య ఎస్తోనియా మీద 2013లో వచ్చిన డాక్యుమెంటరీ 'బూడిద, డబ్బు'. ఈ మూడూ అయ్యాక 'గంట పద్దెనిమిది నిమిషాలు' ఇంగ్లీషు అనువాదం తీసుకుని, ఒక్కరే చదవకండి. నలుగురు స్నేహితుల్ని కూర్చోబెట్టి, పాత్రలు పంచుకుని, గొంతులో ఏ భావం కలపకుండా పైకి చదవండి. జడ్జి మాటలు ఎవరికి వచ్చాయో వాళ్ళని చివర్లో ఒక ప్రశ్న అడగండి: ఆ మాటలు చదువుతున్నప్పుడు ఆయన వాదన ఎక్కడైనా సబబుగా అనిపించిందా అని. అక్కడి నుంచి మీ చర్చ దానంతటదే నడుస్తుంది. చదివాక ఇక్కడ రాయండి, ఉక్రెయిన్ నాటకాల గురించి విడిగా వివరంగా చెప్తాను.